పందెం ముగిసిన తరువాత

మైదుకూరు నుండి బద్వేలు మీదుగా నెల్లూరు చేరి, అక్కడ దక్షిణానికి మళ్లి గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట, తడ దాటి మద్రాసు వైపు సాగే లారీలు, నగరం ఇంకా కొద్ది దూరం ఉందనగా చోళవరం పక్కగా పోతాయి. బరువు దించి వీలైనంత త్వరగా వెనుదిరగాలన్న ఆతురతలో ఉండే డ్రైవరుకు ఆ ఊరు దారిలో తగిలే పది పేర్లలో ఒకటి మాత్రమే. నీటి ఎద్దడి ఎరిగిన సీమవాడు గనుక అక్కడి పెద్ద చెరువును మాత్రం ఒకసారి తల తిప్పి చూస్తాడేమో! మద్రాసు నగరపు దాహం తీర్చే చెరువులలో అది ఒకటి. అయితే చోళవరానికి ఒకప్పుడు మరొక కీర్తి ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో విమానాల కోసం వేసిన రన్‌వే యుద్ధం ముగిశాక అక్కడ నిరుపయోగంగా మిగిలిపోయింది. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్బు ఆ రన్‌వేను మోటారు పందేల బాటగా మార్చుకుంది. 1980ల చివరి వరకు అక్కడ పందేలు జరిగాయి. దేశం నలుమూలల నుండి ఔత్సాహికులు తరలివచ్చేవారు. చుట్టుపక్కల పల్లెల జనం వేల సంఖ్యలో ఆ ఎండలో నిలబడి చూసేవారు.

ఆ బాట మీద పరుగెత్తిన బండ్లలో చాలా వరకు మన వీధులలో తిరిగినవే. విదేశీ వాహనాల దిగుమతి మీద కఠినమైన ఆంక్షలున్న రోజులవి. అందుచేత మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, బొంబాయి ఫియట్, కలకత్తా అంబాసిడర్ అక్కడ గుర్రాలయ్యాయి. పెళ్లివారిని మోసిన కారునే తెచ్చి, వెనుక సీటు పీకివేసి, బరువు తగ్గించడానికి తలుపుల లోపలి అట్టలు, గాజులు తీసివేసి, సిలిండర్ హెడ్‌ను అరగదీయించి, కార్బురేటర్లు మార్చి పందేనికి సిద్ధం చేసేవారు. డబ్బు తక్కువ, తెలివి ఎక్కువ అయిన చోట పుట్టే విద్య అది. అప్పుడప్పుడు అసలైన విదేశీ పందెపు కార్లు కూడా ఆ నేలను తాకాయి. 1980లలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ అనే ఫార్ములా వన్ కారును అక్కడ నడిపాడు. 1990లో శ్రీపెరుంబుదూరు చేరువన ఇరుంగాట్టుకోట్టైలో శాశ్వతమైన పందెపు బాట సిద్ధమయింది. చోళవరం మూగబోయింది.

పందేలు ఎటు తరలిపోయాయో అందరికీ తెలుసు. పందెపు కార్లు ఎటు పోయాయి?

ఈ ప్రశ్నకు జవాబు వెదకాలంటే ముందు ఇనుము తుదిమజిలీని అర్థం చేసుకోవాలి. అందుకు మద్రాసు దాకా పోనక్కరలేదు. బద్వేలు వంటి ఊరే చాలు. ఎండలు మండే ఆ నేలలో ఏ వస్తువూ ఒక్కసారిగా చావదు. పాత జీపు నడవలేని స్థితికి వచ్చినప్పుడు దాని ఇంజను నీళ్లు తోడటానికి పోతుంది. చక్రాలు ట్రాలీకి పోతాయి. కమ్మీలు కొలిమికి చేరి గొడ్డళ్లు, గడ్డపారలు అవుతాయి. టైర్లను కోసి బావి మోటకు వారులుగా, కాళ్లకు చెప్పులుగా వాడుకున్న రోజులూ ఉన్నాయి. ఎవరికీ పట్టనిది మాత్రమే తుక్కు అంగడి కాటా ఎక్కుతుంది. వీధి వెంట పాత సామాన్లు కొనేవాడు, “అంతా తుప్పే గదక్కా! కేజీ లెక్కనే తీసుకుంటా” అని బేరం మొదలుపెడతాడు. వాడి తక్కెడకు చరిత్ర తెలియదు. తెలియవలసిన అవసరమూ లేదు. పేదరికం ఉన్నచోట పాత వస్తువు ముక్కలై బ్రతుకుతుంది. నిండు రూపంతో బ్రతకదు.

పందెపు కారు పరిస్థితి పాత జీపు కన్నా దయనీయమైనది. జీపు ఎంత పాతబడినా జీపే. నెమ్మదిగానైనా నాలుగు మూటలు మోస్తుంది. పందెపు కారుకు తెలిసిన పని ఒక్కటే: పక్కవాడి కన్నా ముందు చేరడం. రెండు మూడేండ్లలో అంతకన్నా వేగవంతమైన కారు పుట్టుకొస్తుంది, లేదా నిబంధనలు మారతాయి. ఆనాటితో దాని విద్య నిష్ఫలం. దానికి సామాను పెట్టుకునే చోటుండదు, కూర్చున్నవాడికి సుఖముండదు, దాని మోత ఊరివాళ్లు భరించలేరు. సంతకు పోయి కూరగాయలు తేవడానికి కూడా పనికిరాని ఆ యంత్రాన్ని ఎవరు దాచుకుంటారు? ఇంజను ఊడదీసి మరొక కారులో బిగిస్తారు. గేరుపెట్టె ఇంకొకరు కొంటారు. మిగిలిన చట్రం గోడకు ఆనించబడి ఉంటుంది. ప్రపంచమంతటా జరిగింది ఇదే. ధనిక దేశాలు ఇందుకు మినహాయింపు కావు. నేడు కోట్లు పలుకుతున్న కార్లు ఒకప్పుడు ఎంత అనాదరణకు గురయ్యాయో తెలుసుకుంటే ఆశ్చర్యం కలుగుతుంది.

ఇటలీకి చెందిన ఫెరారీ సంస్థ 1962 నుండి 1964 వరకు 250 జీటీవో అనే పందెపు కార్లను 36 మాత్రమే నిర్మించింది. వాటిలో ఒకటి 1962లో ఇంగ్లండులో పందేలాడి, తరువాత అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రానికి చేరింది. అక్కడ కూడా కొన్ని పందేలలో పాల్గొంది. ఆపైన దాని అవసరం తీరిపోయింది. 1964లో ఆ జట్టు యజమాని దానిని విక్టోరియా అనే పట్టణంలోని ఉన్నత పాఠశాలకు దానంగా ఇచ్చివేశాడు! మోటారు మెకానిజం నేర్చుకునే పిల్లలకు పనికొస్తుందని అతని ఉద్దేశం కావచ్చు. ఆ బడి పిల్లలు దాని ఇంజను మీద పాఠాలు నేర్చుకున్నారు. ఊరేగింపులలో దానిని వీధుల వెంట నడిపించారు. మన ఐ.టి.ఐ.లలో విప్పి బిగించడానికి ఒక పాత ఇంజను ఉంటుంది గదా, ఆ పిల్లలకు అటువంటి ఇంజనుగా దొరికింది ప్రపంచంలోనే మేటి పందెపు కారు. ఆ సంగతి వారికి గాని, వారి గురువులకు గాని ఆనాడు తెలిసే అవకాశం లేదు. అప్పటికి అది కేవలం పాతబడిన ఒక విదేశీ కారు.

1972లో పాఠశాలవారు దానిని సుమారు ఆరున్నర వేల డాలర్లకు అమ్మివేశారు. కొన్న వ్యక్తి దానిని ఒహాయో రాష్ట్రానికి తీసుకుపోయి, ట్రెయిలర్ మీద నిలిపి, ఆరుబయట పొలంలో వదిలేశాడు. ఎండకు ఎండుతూ, వానకు తడుస్తూ, మంచులో మునుగుతూ అది దాదాపు పదిహేనేండ్లు అక్కడే ఉంది. చుట్టూ గడ్డి మొలిచింది. తెలిసినవారు వచ్చి అడిగినా అతడు అమ్మలేదట. 1988 ప్రాంతంలో గాని అది చేతులు మారి మళ్లీ పూర్వరూపం పొందలేదు. ఇదే జాతికి చెందిన మరొక జీటీవో 2018 ఆగస్టులో జరిగిన వేలంలో 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఆ పొలం యజమానిని నిర్లక్ష్యపరుడని నిందించేవారు చాలామంది ఉన్నారు. కానీ ఒక్కటి గమనించాలి. అతడు దానిని ముక్కలు చేయలేదు, తుక్కువాడికి తూకానికి వేయలేదు. తెలివిగా ఆలోచించేవాడైతే ఇంజనును విడిగా అమ్ముకుని ఉండేవాడు. అతని మొండితనమే ఆ కారుకు కవచమయింది.

నిర్లక్ష్యం వస్తువును కాపాడిన ఉదంతం మరొకటి ఉంది. ఇటలీ, స్విట్జర్లాండు దేశాల మధ్య మజ్జోరే అనే సరస్సు ఉంది. స్విట్జర్లాండు వైపు ఒడ్డున ఉన్న అస్కోనాలో, సుంకం చెల్లించని కారణంగా ఒక బుగాటి కారును అధికారులు పట్టుకున్నారు. 1925 నాటి ‘బ్రెషియా’ రకం కారు అది. 1921లో ఇటలీలోని బ్రెషియాలో జరిగిన పందెంలో మొదటి నాలుగు స్థానాలనూ బుగాటి కార్లే గెలుచుకున్నందున ఆ రకానికి ఆ పేరు వచ్చింది. సుంకం కట్టని వస్తువును నాశనం చేయాలన్నది నియమం. అధికారులు 1936లో దానిని గొలుసుకు కట్టి సరస్సులోకి దించారు. గొలుసు తుప్పు పట్టి తెగిపోయింది. కారు యాభై మీటర్లకు పైబడిన లోతుకు జారిపోయింది. 1967లో ఈతగాళ్ల కంటపడింది. 2009 జూలైలో పైకి తీశారు. ఒక పక్క బురదలో కూరుకుపోయిన భాగం కొంత నిలిచింది. మిగతాది జల్లెడలా మారింది. ఆ శిథిలాన్ని 2010లో వేలం వేస్తే 2,60,500 యూరోలు వచ్చాయి. వీధిలో జరిగిన దాడిలో ప్రాణాలు కోల్పోయిన ఒక యువకుని పేరిట నెలకొల్పిన సంస్థకు ఆ ధనం చేరింది. కాలిఫోర్నియాలోని మల్లిన్ మ్యూజియంవారు దానిని కొని, బాగుచేయకుండా తుప్పుతోనే ప్రదర్శించారు. బాగు చేయకపోవడమే విజ్ఞత. ఆ మ్యూజియం కూడా 2024లో మూతపడింది. వస్తువులకే కాదు, వస్తువులను దాచే ఇళ్లకు కూడా ఆయుర్దాయం ఉంటుంది కాబోలు.

ఇటువంటి కార్ల జాడ తీసేవారి పని ఒక విధంగా భూమి కొనేవారి పనిని పోలి ఉంటుంది. బద్వేలు ప్రాంతంలో నాలుగెకరాలు కొనాలన్నా వివేకవంతుడు పొలాన్ని చూసి తృప్తిపడడు. లింకు దస్తావేజులు అడుగుతాడు. ముప్పై ఏండ్లుగా ఆ భూమి ఎవరి చేతి నుండి ఎవరి చేతికి పోయిందో గొలుసుకట్టుగా చూపమంటాడు. ఒక్క లంకె తెగినా సందేహిస్తాడు. కారు విషయంలోనూ అంతే. చట్రం మీద కొట్టిన సంఖ్య, ఇంజను సంఖ్య, పందేలలో నమోదైన జాబితాలు, సుంకపు కాగితాలు, అమ్మకపు రశీదులు, పాత ఛాయాచిత్రాలు అన్నీ సరిచూస్తారు. ఫలానా పందెంలో ఫలానా మలుపు దగ్గర తగిలిన దెబ్బకు వేసిన అతుకు, ఛాయాచిత్రంలో కనిపించిన చోటనే ఈనాటి రేకు మీద ఉన్నదా అని భూతద్దంతో వెదుకుతారు. ఒకే భూమిని ఇద్దరికి రిజిస్టరు చేసిన మోసాలు మనకు తెలియనివి కావు. అక్కడ కూడా ఒకే సంఖ్య గల కార్లు రెండు ప్రత్యక్షమైన సందర్భాలున్నాయి. పందెంలో విరిగిన కారు చట్రాన్ని పారవేసి కొత్త చట్రంతో అదే సంఖ్యను కొనసాగిస్తారు. పారవేసిన చట్రాన్ని మరెవరో ఏరుకుని, దాని మీద మరొక కారును నిలబెడతారు. ఇద్దరి మాటలోనూ సగం సత్యం ఉంటుంది. చిక్కు అక్కడే.

ఈ చిక్కు ఒకసారి లండన్ న్యాయస్థానానికి ఎక్కింది. ఫ్రాన్స్‌లోని లె మాన్ పట్టణంలో ఏటా ఇరవైనాలుగు గంటల పందెం జరుగుతుంది. ‘ఓల్డ్ నంబర్ వన్’ అని పేరుబడిన బెంట్లీ కారు 1929లోనూ, 1930లోనూ ఆ పందేన్ని గెలిచింది. మొదటిసారి వుల్ఫ్ బర్నాటో, టిమ్ బిర్కిన్ దానిని నడిపారు. రెండవసారి బర్నాటోకు గ్లెన్ కిడ్‌స్టన్ తోడయ్యాడు. ఆ తరువాత దాని ఇంజను మారింది, చట్రం మారింది. 1932లో బ్రూక్‌లాండ్స్ బాట మీద జరిగిన ప్రమాదంలో దానిని నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ మరణించాడు. అనంతరం ఆ కారుకు వేరొక పైకట్టు తొడిగారు. 1990లో దానిని కోటి పౌండ్లకు కొనడానికి ఒక సంస్థ ఒప్పుకుంది. పిమ్మట, ‘ఇది లె మాన్‌లో గెలిచిన కారే కాదు’ అని వెనుకంజ వేసింది. వ్యాజ్యం నడిచింది. విచారణలో తేలిన విషయం విచిత్రమైనది. 1929లో గెలిచిన కారులోనిదని గట్టిగా చెప్పదగిన భాగం ఒక్కటీ మిగలలేదు. 1930 నాటి కారులో నుండి మిగిలినవి పెడళ్ల కడ్డీ, గేరుపెట్టె తొడుగు, స్టీరింగ్ కాండం మాత్రమే. అయినప్పటికీ జస్టిస్ ఆటన్ అది ఓల్డ్ నంబర్ వన్ కారేనని తీర్పు చెప్పారు. అది ఏనాడూ ఉనికి కోల్పోలేదు, పందెం తరువాత పందెంగా మార్పు చెందుతూ వచ్చింది, దాని చరిత్ర గొలుసు తెగలేదు. ఇదీ ఆ తీర్పులోని సారాంశం.

రాయలసీమ రైతుకు ఈ తీర్పు వింతగా తోచదు. తాతలనాటి ఎద్దులబండి అని అతడు చూపించే బండికి తాత కాలం నాటి చక్రాలుండవు. ఇరుసు తండ్రి వేయించినది. నొగ మొన్నటి తిరునాళ్లకు ముందు విరిగితే కొత్తది చేయించారు. ఇనుప పట్టాలు ఎన్నిసార్లు మారాయో లెక్కలేదు. అయినా అది తాత బండే. దానిని విరిచి, కొత్త కొయ్యతో అచ్చంగా అటువంటి బండినే మరొకటి చేయించి ఇస్తే అది తాత బండి కానేరదు. అయితే ఈ తర్కాన్ని వేలంపాటకు ఎక్కించినప్పుడే మనస్సు కలుక్కుమంటుంది. వాడుకలో మారిన బండికి, అమ్మకం కోసం మార్చిన బండికి భేదం లేదనగలమా? జస్టిస్ ఆటన్ ఎదుట నిలిచినది మొదటి కోవకు చెందినది. ఈనాడు అంగడిలో కనిపించేవన్నీ ఆ కోవలోనివే అనడానికి సాహసం చాలదు.

అంతకన్నా కలచివేసే సంగతి ఇంకొకటి ఉంది. 1955 జూన్ 11న అదే లె మాన్‌లో ఘోర ప్రమాదం సంభవించింది. ముందు పోతున్న జాగ్వార్ కారు ఆగడానికి వేగం తగ్గించింది. దానిని తప్పించబోయి లాన్స్ మాక్లిన్ నడుపుతున్న ఆస్టిన్ హీలీ కారు పక్కకు తిరిగింది. వెనుక నుండి మహావేగంతో వస్తున్న పియర్ లెవెఫ్ మెర్సిడెస్ దాని తోక మీదుగా ఎగిరి గట్టును ఢీకొని ముక్కలై జనం మీద పడింది. మెగ్నీషియం కలిసిన దాని రేకులు భగ్గున మండాయి. లెవెఫ్‌తో పాటు ఎనభై మందికి పైగా ప్రేక్షకులు ప్రాణాలు కోల్పోయారు. పందెం మాత్రం ఆగలేదు. మరునాటి దాకా సాగింది. ఆ ఏడాది చివర మెర్సిడెస్ సంస్థ పందేల నుండి వైదొలగి, దశాబ్దాల పాటు వాటి జోలికి పోలేదు.

మెర్సిడెస్ కారు బూడిదయింది. మాక్లిన్ ఆస్టిన్ హీలీ మిగిలింది. విచారణ కోసం ఫ్రెంచి అధికారులు దానిని స్వాధీనం చేసుకుని, తరువాత తయారీదారులకు తిరిగి ఇచ్చారు. వారు మరమ్మతు చేసి అమ్మివేశారు. చేతులు మారి మారి అది ఒక కొట్టంలో దుమ్ముపట్టి పడి ఉంది. 2011 డిసెంబరులో వేలానికి వచ్చినప్పుడు, ఉన్నది ఉన్నట్టుగానే 8,43,000 పౌండ్లు పలికింది. ఆ రకపు కార్లలో అంత ధర అంతకు ముందు మరి దేనికీ రాలేదు. ఆ అధిక విలువకు కారణం దాని పరుగు కాదు; దాని చరిత్రలోని ఆ సాయంత్రం. దానికి వెలకట్టినవారు చనిపోయినవారిని తలచుకున్నారా? తలచుకునే ఉండవచ్చు. కానీ వేలంపాట సుత్తికి దుఃఖాన్ని, కుతూహలాన్ని వేరుచేసే శక్తి లేదు. ఆ కారును తుక్కు కింద కరిగించి ఉంటే బాగుండేదని అనేవారూ ఉన్నారు. అది సరి కాదు. సాక్ష్యం నశించినంత మాత్రాన జరిగినది జరగకుండా పోదు. దానిని ఒక ధనవంతుని కారుశాలలో కాక, ఆ పేర్లన్నీ చెక్కిన గోడ పక్కన నిలిపితే ఉచితంగా ఉంటుంది.

అదే 1955లో మెర్సిడెస్‌వారు 300 ఎస్.ఎల్.ఆర్. పందెపు కారు ఆధారంగా, పైకప్పు గల కార్లు రెండింటిని నిర్మించారు. సంస్థ పందేల నుండి తప్పుకోవడం వలన ఆ రెండూ పందెం మొగమే చూడలేదు. వాటిలో ఒకటి 2022 మే నెలలో పదమూడున్నర కోట్ల యూరోలకు అమ్ముడై, అప్పటికి ప్రపంచంలోకెల్లా ఖరీదైన కారుగా నిలిచింది. పరుగెత్తని గుర్రానికి దక్కిన బహుమానం! ఆ ధనాన్ని విద్యార్థుల చదువులకు నిధిగా నెలకొల్పడం ఇందులో మెచ్చదగిన అంశం.

మన దేశం సంగతి వేరు. పాతికేండ్ల క్రితం కొన్న గడియారాన్ని కూడా భద్రంగా దాచుకునే మనవారు కార్లను మాత్రం అట్లా దాచుకోలేదు. సంస్థానాధీశుల వద్ద ఒకనాడు ప్రపంచ ప్రసిద్ధమైన కార్లుండేవి. 1971లో రాజభరణాలు రద్దయ్యాయి. అంతకు ముందు నుండే కోటల పోషణ భారమై, ఎన్నో మేలైన కార్లు విదేశీ వ్యాపారుల చేతుల్లోకి స్వల్ప ధరకు వెళ్లిపోయాయి. పాత కార్ల ఎగుమతి మీద ప్రభుత్వం ఆంక్షలు విధించేనాటికి చాలా భాగం ఓడలెక్కింది. హైదరాబాదు నిజాం కోసం 1912లో తయారైన రోల్స్ రాయిస్ మాత్రం చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికీ నిలిచి ఉంది. సింహాసనం వంటి ఆసనం గల ఆ కారు తన జీవితకాలంలో కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగింది. తిరగకపోవడం వల్లనే మిగిలింది.

నిజానికి ఇనుమును దాచడానికి మన నేల అనువైనదే. తుప్పుకు తేమ కావాలి. సముద్రపు గాలిలోని ఉప్పు తోడైతే రేకు త్వరగా చిల్లులు పడుతుంది. చోళవరం సముద్రానికి దగ్గర. బద్వేలు అట్లా కాదు. లంకమల కొండల పంచన, ఏడాదిలో చాలా నెలలు పొడిగాలి వీచే ఆ నేలలో రేకు కింద నిలిపిన చట్రం చాలా కాలం గట్టిగా ఉంటుంది. అయితే ఎండ తన సుంకం తాను వసూలు చేస్తుంది: రబ్బరు పగులుతుంది, తోలు పెళుసు బారుతుంది, ఎలుకలు తీగలు కొరుకుతాయి. అవన్నీ మార్చుకోదగినవే. అసలు లోపం నేలలో లేదు, గాలిలో లేదు. ‘ఇది దాచదగినది’ అని చెప్పే కాగితం లేకపోవడమే లోపం.

ఈ విషయంలో కోయంబత్తూరు తెలుగువారు కొంత మేలు చేశారు. జి.డి. నాయుడు 1893లో ఆ నగరం చెంతనున్న కలంగల్‌లో తెలుగు మాట్లాడే కుటుంబంలో జన్మించాడు. యువకుడిగా ఉన్నప్పుడు ఒక ఆంగ్లేయ అధికారి వద్ద మోటారుసైకిల్ కొని, దానిని పూర్తిగా విప్పి తిరిగి బిగించి యంత్రవిద్యలో ఓనమాలు దిద్దుకున్నాడు. 1920లో ఒక బస్సుతో రవాణా వ్యాపారం ప్రారంభించి పెద్ద సంస్థగా పెంచాడు. ఆయన పేరిట నడిచే ధర్మసంస్థ 2015లో కోయంబత్తూరులో కార్ల మ్యూజియం తెరిచింది. యంత్రం ఎట్లా ఎదిగిందో అక్కడికి పోయిన విద్యార్థికి కళ్లకు కడుతుంది.

అదే నగరంలో లక్ష్మీ మిల్స్ కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ 1954లో జన్మించాడు. చోళవరం పందేలలో పేరు తెచ్చుకున్నాడు. విదేశీ కార్లు కొనగలిగిన స్తోమత ఉన్నవాడై ఉండి కూడా, మామూలు యువకులకు అందుబాటులో ఉండే పందెపు కారు మన దేశంలోనే తయారు కావాలని తలచాడు. 1988లో మారుతి 800 ఇంజనుతో ఒంటి సీటు కారును రూపొందించాడు. దానికే ‘ఫార్ములా మారుతి’ అని పేరు. కూరగాయల సంతకు పోయే కారు గుండెను తీసి పందెపు చట్రంలో అమర్చాడన్నమాట. 2005లో ఫార్ములా వన్ బరిలో దిగిన మొదటి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్, 2010లో అక్కడికి చేరిన కరుణ్ చందోక్ తమ తొలినాళ్లలో ఈ చిన్న కార్లనే నడిపారు. కరివర్ధన్ 1995 ఆగస్టులో విమాన ప్రమాదంలో మరణించాడు. 2003లో కోయంబత్తూరు సమీపంలో సిద్ధమైన పందెపు బాటకు ఆయన పేరు పెట్టారు.

చోళవరంలో పరుగెత్తిన హెరాల్డుల గతి ఏమిటి? కొన్ని తిరిగి వెనుక సీటు తగిలించుకుని సంసారపు కార్లయ్యాయి. ఎన్నో తూకానికి పోయాయి. మిగిలిన వాటిని కాపాడటానికి నేడు చట్టం ఉంది గదా అనిపించవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో పాతకాలపు వాహనాల నమోదుకు నియమాలు చేసింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏండ్లు దాటిన వాహనానికి, ఇరవై వేల రూపాయల రుసుముతో, ‘వి.ఎ.’ అనే అక్షరాలతో కూడిన ప్రత్యేక సంఖ్య ఇస్తారు. మంచి ప్రయత్నమే. కానీ ఆ నియమంలో రెండు షరతులున్నాయి. వాహనం తొలి రూపంలోనే ఉండాలి. చట్రంలో గాని, పైకట్టులో గాని, ఇంజనులో గాని చెప్పుకోదగ్గ మార్పు జరిగి ఉండరాదు. చోళవరం హెరాల్డుకు గొప్పతనమే ఆ మార్పులలో ఉంది. చదివిన తలలు, నల్లబడిన చేతులు కలిసి రాత్రుళ్లు మేల్కొని చేసిన మార్పులవి. వాటిని తొలగించి కార్ఖానా రూపానికి తెస్తే గాని గుర్తింపు రాదు. తెస్తే గుర్తించవలసినది మిగలదు. రెండవ షరతు ఇంకా కఠినం. కాలాన్ని మొదటి రిజిస్ట్రేషన్ నుండి లెక్కిస్తారు. ఒంటి సీటు పందెపు కారు బహిరంగ రహదారి ఎక్కేది కాదు గనుక దానికి రిజిస్ట్రేషనే ఉండదు. పుట్టిన తేదీ నమోదు కానివానికి షష్టిపూర్తి ఎన్నడు చేయాలి?

ఫార్ములా మారుతి తొలి కార్లకు 2038లో యాభై ఏండ్లు నిండుతాయి. వాటి చట్రాలను గుర్తించడానికి ఆనాటి పందేల జాబితాలు, ఛాయాచిత్రాలు, పనిచేసిన మెకానిక్కుల జ్ఞాపకాలు తప్ప వేరే దస్తావేజులు లేవు. ఆ మెకానిక్కులలో చాలామంది వృద్ధులయ్యారు. అడిగి వ్రాసుకోవలసిన సమయం ఇదే. ఇంజను గురించిన చింత అక్కరలేదు. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగిపోయినా, ఆ మూడు సిలిండర్ల ఇంజనును కళ్లు మూసుకుని విప్పి బిగించగల పనివారు బద్వేలులోనే కాదు, మైదుకూరులో, పోరుమామిళ్లలో కూడా ఉన్నారు. దాని పిస్టన్లు, రింగులు ఇప్పటికీ అంగళ్లలో దొరుకుతున్నాయి.